కారు పోర్చులో తాలింఖానా

(2025 విశ్వావసు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా సాహిత్య విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు మమ్మల్ని అడిగారు. మాది సాయంకాలపు తరగతి తెలుగు. మేమిద్దరమూ బడిపంతుళ్ళమే. పగలంతా మలయ్ భాషలోనూ ఇంగ్లీషులోనూ పాఠాలు చెప్పి, రాత్రి ఏడున్నరకు మళ్ళీ విద్యార్థులమై, తల నెరిసిన తరువాత ఒత్తులూ గుణింతాలూ దిద్ది నేర్చుకున్న భాష. ఆ పెట్టుబడితో ప్రబంధాల జోలికి పోవటం మంచిది కాదు. కనుక మా చేతులతో చేసిన పని ఒకటి చెబుతామన్నాము. ఇంట్లోనే, మూడువందల రింగిట్లకు మించకుండా, వ్యాయామానికి ఒక చోటు ఏర్పాటు చేసుకోవటం ఎలాగ అన్నదే ఆ సంగతి. కార్యదర్శిగారు కొంచెం తటపటాయించారు. "ఉగాది సభలో జిమ్ము గురించా మాస్టారూ?" అన్నారు. కథంతా విన్న తరువాత మాత్రం కాదనలేదు.

కథ మా పెద్దన్నయ్యగారితో మొదలవుతుంది. మాకంటె పన్నెండేళ్ళు పెద్ద. వదినగారు పోయినప్పటినుంచి తెలుక్ ఇంతాన్ దగ్గర తన ఇంట్లో ఒక్కరే వుండేవారు. 2023 నవంబరులో ఒక రాత్రి మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళి పడిపోయారు. అప్పటికి ఆయనకు 76 ఏళ్ళు. తెల్లవారి పక్కింటివారు తలుపు కొట్టేదాకా ఆ పలకరాళ్ళ మీదనే వున్నారు. ఫోను పడకగదిలో వుంది. మేము క్లాంగ్ నుంచి పరుగెత్తుకు వెళ్ళేసరికి ఆస్పత్రిలో ఫోటోలన్నీ తీసేశారు. ఒక్క ఎముకా విరగలేదు. తలకు దెబ్బ లేదు. మరి రాత్రంతా ఎందుకు లేవలేదంటే, ఆయన మావైపు చూసి, "దెబ్బ తగల్లేదురా తమ్ముడూ, లెగడానికి కాళ్ళు రాలేదు, అంతే" అన్నారు.

అక్కడి కుర్ర డాక్టరు ఆయన్ని ఒక కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు రొమ్ము మీద కట్టుకుని ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చూపమన్నాడు. ఈ పరీక్షకు అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రాలవారు పట్టిక ఒకటి వేశారు. 75 నుంచి 79 ఏళ్ళలోపు మగవారు 11 కంటె తక్కువసార్లు లేస్తే, ఆడవారు 10 కంటె తక్కువసార్లు లేస్తే, పడిపోయే ముప్పు ఎక్కువని లెక్క. చేతులు ఆనించి లేస్తే మార్కు సున్న. అన్నయ్యగారు కుర్చీ చేతులు పట్టుకోకుండా ఒక్కసారి కూడా లేవలేకపోయారు. జీవితమంతా పిల్లల కాగితాలు దిద్దినవాళ్ళం మేము. ఎందరికో సున్నలు వేశాము. ఆ ఒక్క సున్న మాత్రం మాకు రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వలేదు. ఆయన్ని మా ఇంటికి తీసుకువచ్చేశాము.

ఇంతకీ ఆయన ఎవరి మనవడు? మా తాతగారు శ్రీకాకుళం ప్రాంతం నుంచి, 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసను ఆపివేయటానికి చాలా ముందే, ఓడెక్కి ఈ దేశం వచ్చి బాగన్ డాటు కొబ్బరి తోటలో పనికి కుదిరినవారు. నేలలో పాతిన ఇనుప మొన మీద కొట్టి కొబ్బరికాయ పీచు ఒలవటం ఆయన పని. ఉదయం మొదలుపెడితే పొద్దు నడినెత్తికి వచ్చేదాకా వంగటం, లేవటం, వంగటం, లేవటం. సాయంత్రం కావడి మీద రెండు డబ్బాల నీళ్ళు. అటువంటి మనిషికి జిమ్ము ఎందుకు? అయినా ఆయనకు గరిడీ అంటే ప్రాణమట. వీరఘట్టంలో 1882లో పుట్టి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో డ్రిల్లు మాస్టరుగా పనిచేసి, తరువాత సర్కసు పెట్టి, రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకున్న కోడి రామమూర్తినాయుడుగారి కథలు లయన్లలో రాత్రిపూట చెప్పేవారట. ఆయన కూడా మొదట మనవంటి బడిపంతులే సుమా అని మేము మాకు మేమే చెప్పుకుని సంతోషిస్తూ వుంటాము.

మా సాయంకాలపు తరగతిలో ఒక పిల్లవాడు జిమ్ముకు తెలుగు మాట ఏమిటని అడిగితే మేము పుస్తకంలో చదువుకున్నట్టు "వ్యాయామశాల" అన్నాము. ఇంటికి వచ్చి ఆ ముక్క చెబితే అన్నయ్యగారు నవ్వి, "తాత గరిడీ అనీవోడు. పట్నపోళ్ళు తాలింఖానా అంటారు" అన్నారు. ఆ చోట ఏమేమి వుండేవని అడిగితే వరుసగా చెప్పుకుపోయారు: దండీలు తియ్యటానికి చదునైన నేల, బస్కీలకు కాస్త చోటు, తిప్పటానికి చెక్క గదల్లాంటి కరేలాలు, ఎత్తటానికి పట్టు వున్న సంగిడి రాళ్ళు, ఇసుక బస్తా. అంతే. దమ్మిడీ ఖర్చు లేని సరుకు. ఈ జాబితా మాకు ఎంత ఉపకారం చేసిందో తరువాత మనవి చేస్తాము. ముందు మేము చేసిన తెలివితక్కువ పని చెప్పుకోవాలి.

2018లో, పదవీ విరమణ దగ్గరపడుతున్నదని, ఒక దుకాణంలో నడక యంత్రం కొన్నాము. నెలకు 200 రింగిట్ల చొప్పున పన్నెండు వాయిదాలు, మొత్తం 2,400. మూడు నెలలు నడిచాము. నాలుగో నెలలో దాని మీద తువ్వాళ్ళు ఆరబెట్టటం మొదలయింది. తొమ్మిదో నెలలో లోపలికి బల్లి దూరి, అది చచ్చి, దానితోబాటు యంత్రం మెదడు కూడా కాలిపోయింది. బాగుచెయ్యటానికి 700 అవుతుందన్నారు. ఇంకా మూడు వాయిదాలు కట్టవలసి వున్నవి. చివరకు పాత ఇనుము కొనేవాడు 40 రింగిట్లిచ్చి తీసుకుపోయాడు. ఈ సభలో తలలు ఊపుతున్న వారిని చూస్తుంటే ఇటువంటి తువ్వాళ్ళ దండెం మా ఒక్కరి ఇంట్లోనే కాదని తెలుస్తున్నది.

అంతకుముందు, తోటలో కుర్రతనంలో, ఇంకొక తమాషా చేశాము. 1970లలో మన తోటల పిల్లలు చాలామంది చేసినదే. రెండు ఖాళీ మైలో డబ్బాల్లో సిమెంటు కలిపి పోసి, నడుమ నీళ్ళగొట్టం గుచ్చి, ఎండిన తరువాత దాన్ని బరువని ఎత్తేవాళ్ళం. ఒకవైపు డబ్బాలో సిమెంటు ఎక్కువ పడేది, రెండోవైపు ఇసుక ఎక్కువ పడేది. ఒకరోజు నెత్తిమీదికి ఎత్తినప్పుడు ఒక డబ్బా ఊడి కాలి బొటనవేలి మీద పడింది. ఆ గోరు ఈనాటికీ వంకరే. పొదుపు మంచిదే గాని, నెత్తిమీదికి ఎత్తే వస్తువులో పొదుపు చెయ్యకూడదని ఆ గోరు మాకు గుర్తు చేస్తూ వుంటుంది.

కనుక ఈసారి సామాను కొనక ముందే, అసలు ఏం చేద్దామని కూర్చుంటున్నాము అని ఆలోచించాము. అన్నయ్యగారు నేల మీదినుంచి తనంతట తాను లేవాలి. మేమిద్దరం, ఇప్పుడు అరవై దాటినవాళ్ళం, పదేళ్ళ తరువాత ఆ పలకరాళ్ళ మీద పడుకుని తెల్లవారేదాకా ఎదురుచూడకుండా వుండాలి. ఇంతే కోరిక. దీనికి నడక ఒక్కటే చాలదని డాక్టరు గట్టిగా చెప్పాడు. నడక గుండెకు మంచిది, మానవద్దన్నాడు. కాని తొడల్లో కండ కరిగిపోతుంటే దాన్ని నిలబెట్టేది బరువుతో చేసే పనే. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు కూడా 2020లో ఇచ్చిన సలహాలో, నడకవంటి వాటితోబాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని పెట్టాలనీ, 65 దాటినవారు మూడు రోజులు నిలకడకు సంబంధించిన అభ్యాసం కూడా చెయ్యాలనీ అన్నారు.

ఈ వయసులో కండ వస్తుందా అన్న సందేహం మాకూ కలిగింది. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధుల ఆశ్రమంలో, సగటున 90 ఏళ్ళ వయసువారు పదిమందితో ఎనిమిది వారాలు కాళ్ళకు బరువుల అభ్యాసం చేయించి చూశారు. కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే మొదట వున్నదానికి రెండున్నర రెట్లు దాటింది. తొంభై ఏళ్ళవారండీ! ఈ సంగతి చదివి వినిపిస్తే అన్నయ్యగారు, "అయితే నేనింకా కుర్రాణ్ణే" అన్నారు. ఆస్పత్రినుంచి వచ్చిన తరువాత ఆయన నవ్వటం అదే మొదటిసారి.

ఇక చోటు. మనలో చాలామందివి వరస ఇళ్ళు. గదులు ఖాళీ వుండవు. మేము కారు పోర్చును ఎంచుకున్నాము. ఉదయం కారు బయట రోడ్డు పక్కన పెడితే, పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు చోటు దొరుకుతుంది. రెండు చాపలు పరచినంత చోటు చాలు, నిజానికి అంత కూడా అక్కరలేదు. పైన రేకు వుంది కనుక వాన బాధ లేదు. కాని ఆ రేకు కింద ఎనిమిదిన్నర దాటితే పొయ్యి మీద కూర్చున్నట్టే. మనకు తెల్లవారటమే ఏడు గంటలకు కాబట్టి, ఏడునుంచి ఏడున్నర దాకా మా సమయం. వాహనం నిలిపే చోట నూనె మరకలుంటాయి. అవి సబ్బుపొడితో రుద్ది కడిగే పనికి మాకు రెండు ఆదివారాలు పట్టింది. పోర్చు నేల నీళ్ళు జారిపోవటానికి వీధివైపు కొంచెం వాలుగా వుంటుంది, గమనించండి. కుర్చీని ఎప్పుడూ గోడకు ఆనించి, వాలుకు అడ్డంగా వెయ్యాలి. మొదటి రోజు మేము అది చూసుకోలేదు. కుర్చీ అరంగుళం ముందుకు జారింది. ఆ అరంగుళానికే అన్నయ్యగారు వారంరోజులు కుర్చీ దగ్గరికి రాలేదు.

సామాను లెక్క చెప్పమంటారా? లెక్కల పుస్తకం మా ఇంటావిడ దగ్గర వుంది. దానిలో వున్నది వున్నట్టు చదువుతున్నాము. ఒకదానిలో ఒకటి ఇరికే రబ్బరు పరుపు ముక్కలు 60 రింగిట్లు. పాత ఇనుప డంబెల్సు ఒక జత, బిళ్ళలు తీసి పెట్టుకునే రకం, అన్నీ కలిపి 20 కిలోలు, 90 రింగిట్లు. సాగే రబ్బరు పట్టీలు, పలుచన, నడిమి, మందం, మూడూ 35. గోడకు బిగించే ఇనుప పట్టుకమ్మి, మరలూ పట్టించే కూలీతో సహా 48. మెట్టుపెట్టె చెయ్యటానికి మేకులు, గరుకు కాగితం 12. చెక్క ఊరికే వచ్చింది. కొట్ల వెనుక పారేసిన సరుకు చట్టాలు విడగొట్టి తెచ్చుకున్నాము. మొత్తం 245. మిగిలిన 55తో ఆ ఆదివారం ఇంటిల్లిపాదీ రోటీ చనాయ్ తిన్నాము. అది వ్యాయామశాల ప్రారంభోత్సవపు ఖర్చు కింద వ్రాసి వుంది.

ఆ డంబెల్సు గురించి ఒక మాట. 2020 మార్చి 18న రాకపోకల మీద ఆంక్షలు పెట్టినప్పుడు ఇళ్ళల్లో కట్టుబడిపోయిన జనం ఇటువంటివి ఎగబడి కొన్నారు. తలుపులు తెరుచుకోగానే చాలామంది వాటిని మంచాల కిందికి తోసేశారు. కనుక కొత్తవి కొనవద్దు. బంధువుల్ని అడగండి, అపార్టుమెంటు నోటీసు బోర్డు చూడండి. ఇనుముకు వయసు లేదు. తుప్పు వుంటే గరుకు కాగితంతో రుద్ది, గుడ్డతో పలుచగా కొబ్బరినూనె రాయండి. మన గాలిలో తేమ ఎక్కువ కనుక నెలకొకసారి ఇది తప్పదు. చూడవలసింది మరలు మాత్రమే. అవి అరిగిపోయి వుంటే ఎంత చవక అయినా వద్దు.

రబ్బరు పట్టీలకు మాత్రం వయసు వున్నది. ఎనిమిది నెలలు వాటిని కిటికీ ఊచలకే వదిలేశాము. ఎండకు చిట్లిపోయి ఒకటి మా చేతిలోనే తెగి ముంజేతి మీద చరిచింది. వారం రోజులు వాత మానలేదు. అప్పటినుంచి అవి బిస్కట్ల డబ్బాలో వుంటున్నవి. కొత్తదానికి 15 అయింది. ఇందాక చెప్పిన లెక్కలో అది లేదు. నిజాయితీగా కలిపితే మొత్తం 260.

మరి సంగిడి రాళ్ళ సంగతి? అన్నయ్యగారు చెప్పిన జాబితాలో మాకు బాగా నచ్చింది అదే. మూత వున్న పాత పెయింటు బకెట్లు రెండు తీసుకుని, వాటిలో పొడి ఇసుక పోసి, కూరగాయల కొట్టు తక్కెడలో తూచి, లోపల నాలుగు కిలోలకు ఒక గీత, ఆరు కిలోలకు ఒక గీత పెట్టాము. మొదట నీళ్ళు పోద్దామనుకున్నాము. లీటరు నీళ్ళు కిలో కదా, లెక్క తేలిక. కాని నీళ్ళు తొణికితే పలకరాళ్ళు జారతాయి. పడకుండా వుండటానికి పెట్టిన గరిడీలో పడితే ఏం బాగుంటుంది? ఈ బకెట్లు రెండు చేతులా పట్టుకుని, వెన్ను నిటారుగా వుంచి, గేటుదాకా వెళ్ళి వెనక్కి రావటం. చూడటానికి ఏమీ లేదు. చేసి చూస్తే భుజాలు, వేళ్ళ పట్టు, నడుము, పిక్కలు అన్నీ ఒక్కసారి పలుకుతాయి. తాతగారి కావడి మా ఇంటికి తిరిగి వచ్చినట్టయింది. అన్నయ్యగారికి అన్నిటికంటె ఇష్టమైనది ఇదే.

ఇక కుర్చీ పని. అసలు ప్రాణం దీనిలోనే వుంది కనుక కాస్త నిదానంగా చెబుతాము. బడిలో తుంటరి పిల్లల చేత చెవులు పట్టించి గుంజీలు తీయించేవాళ్ళు. దాన్నే మలయ్ బడుల్లో కెతుక్ కెతంపి అంటారు. పిళ్ళయార్ కోవెలలో మన తమిళ సోదరులు వినాయకుడి ఎదుట తీసేదీ అదే. ఎన్నో తరాలుగా శిక్షగా, మొక్కుగా చేసిన ఈ పనికి మించిన తొడల వ్యాయామం లేదు. కాని పూర్తి గుంజీ అన్నయ్యగారికి ఎక్కడ సాధ్యం? కాబట్టి ఎత్తు తగ్గించుకుంటూ వచ్చే ఉపాయం చేశాము. బడిలోంచి వేలంలో కొన్న కుర్చీ, చేతులూ చక్రాలూ లేనిది, మా దగ్గర వున్నది. దాని కూర్చునే పలక నేలనుంచి 17 అంగుళాలు. దాని మీద అంగుళం మందం చెక్కపలకలు నాలుగు, కదలకుండా మరలతో బిగించాము. 21 అంగుళాల ఎత్తునుంచి ఆయన చేతులు ఆనించకుండా లేవగలిగారు. అక్కడినుంచి మొదలు. ఎనిమిదేసి సార్లు, నడుమ రెండు నిమిషాలు విశ్రాంతి, అలా మూడు విడతలు. వారానికి సోమ, బుధ, శుక్రవారాలు. పన్నెండు సార్లు తేలికగా లేచిన వారం ఒక పలక ఊడదీయటం. 2024 జనవరిలో మొదలుపెట్టాము. చివరి పలక ఆగస్టులో ఊడింది. దాన్ని ఆయన తానే మర తిప్పి తీశారు. కూర్చోవటంలోనే రహస్యమున్నది. దబ్బున పడకూడదు. మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. దిగేటప్పుడు కూడా కండకు పని జరుగుతుంది.

దండీలు కూడా అంతే. నేల మీద చెయ్యలేనివారు గోడకు చేతులు ఆనించి చెయ్యవచ్చు. గోడ తేలికైతే వంటగట్టు, అదీ తేలికైతే మెట్టు. పట్టుకునేది కిందికి దిగుతున్నకొద్దీ బరువు పెరుగుతుంది. పైసా ఖర్చు లేదు. వెన్నుకు కిటికీ ఊచలకు పట్టీ తగిలించి తెడ్డు వేసినట్టు లాగటం. భుజాలకు డంబెల్సు. ఇవి వివరంగా చెప్పనక్కరలేదు. మీ పిల్లలకు తెలుసు, వారిని అడగండి. అడిగితే వారికి సంతోషం కూడాను. నిలకడకు మాత్రం, ఒక చేత్తో పట్టుకమ్మిని తాకుతూ, ఒక మడమ వెనుకనే రెండో పాదం మునివేళ్ళు వచ్చేలా నిలబడి, పది లెక్కపెట్టండి. ఆ కమ్మి ఇటుకలోకి దిగేలా బిగించారో లేదో ముందు మీరే వేలాడి చూడాలి. పూత సిమెంటులో బిగించిన కమ్మి లేకపోవటమే నయం.

జాగ్రత్తలు రెండు మూడు చెప్పకపోతే తప్పవుతుంది. 2023 జాతీయ ఆరోగ్య సర్వేలో మన దేశంలో పెద్దవారిలో 15.6 శాతం మందికి మధుమేహం వున్నట్టు తేలింది. ఇంచుమించు ఆరుగురిలో ఒకరు. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేవి కండరాలే కనుక వారికి ఈ పని మరీ అవసరం. అయితే ఇన్సులిన్ గాని కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారికి పని చేస్తుండగా చక్కెర పడిపోవచ్చు. పరగడుపున చెయ్యవద్దు. రెండు చక్కెర బిళ్ళలు జేబులో వుంచుకోండి. రక్తపోటు వున్నవారు ఊపిరి బిగబట్టి బరువు ఎత్తకూడదు. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. మేము పైకి అంకెలు లెక్కపెట్టిస్తాము. నోటితో "ఒకటి, రెండు" అంటున్న మనిషి ఊపిరి బిగబట్టలేడు. దీనివల్ల మా మనవలకు తెలుగు అంకెలు వచ్చాయి, అది లాభం. రొమ్ములో నొప్పి, తల తిరగటం వస్తే ఆపి డాక్టరు దగ్గరకు పొండి. మొదలుపెట్టే ముందు కూడా ఒకసారి చూపించుకోండి. కీలు పట్టేస్తే మానెయ్యాలి. కండ నొప్పి పెడితే మాత్రం ఒకరోజు ఓర్చుకోవాలి. ఈ తేడా పదిరోజుల్లో ఎవరికి వారికే తెలుస్తుంది.

ఆడవారి సంగతి. మా ఇంట్లో ఆవిడ మొదటి రెండు వారాలూ గేటుకు దుప్పటి కట్టించింది, వీధివారు చూస్తారని. బహిష్టు ఆగిన తరువాత ఎముకలు త్వరగా పలచబడతాయి, బరువు మోసే పని వాటికి అవసరం అని డాక్టరు చెప్పిన మాట మీద దుప్పటి లోపలే అయినా మానలేదు. మూడో వారంలో పక్కింటి మలయ్ మక్‌చిక్ దుప్పటి పక్కనుంచి తల పెట్టి, ఏం చేస్తున్నారని అడిగింది. ఆవిడకూ మోకాళ్ళ నొప్పులే. మర్నాడు తన కుర్చీ తానే పట్టుకువచ్చింది. దుప్పటి ఎప్పుడు తీసేశామో గుర్తులేదు. ఇప్పుడు శుక్రవారాలు మా పోర్చులో అయిదు కుర్చీలు వుంటున్నవి. పని అయిన తరువాత తె తారిక్ వంతు ఒక్కొక్క వారం ఒక్కొక్కరిది. ఆ చక్కెర గురించి మమ్మల్ని అడగకండి.

చివరకు అన్నయ్యగారి విషయం. డాక్టరు చేసిన ఆ ముప్పై సెకన్ల పరీక్ష మేము రెండు మూడు నెలలకొకసారి చేస్తూ వచ్చాము. 2024 ఏప్రిల్‌లో పూర్తి ఎత్తు తగ్గకముందే, పలకలు లేని మరో కుర్చీ మీద రెండుసార్లు. ఆగస్టులో ఆరు. ఈ మార్చి మొదటివారంలో పది. ఇంకా పదకొండు కాలేదు. పట్టిక ప్రకారం ఆయన ఇంకా తప్పినవారే. ఒక మార్కు కలిపి పాస్ చెయ్యమని మా మనవరాలు సిఫారసు చేసింది గాని మేము ఒప్పుకోలేదు.

అసలు పరీక్ష అది కాదని ఆయనకూ మాకూ తెలుసు. నేల మీదినుంచి లేవటం. దీనిని కిందినుంచి కాక పైనుంచి నేర్చుకోవాలి. ముందు కుర్చీ పట్టుకుని ఒక మోకాలు దింపటం, తరువాత రెండో మోకాలు, తరువాత చేతులు, తరువాత పక్కకు ఒరగటం. దిగిన దారినే తిరిగి ఎక్కటం: పక్కకు దొర్లి, మోచేతి మీద లేచి, పిల్లవాడిలా నాలుగు కాళ్ళ మీదికి వచ్చి, కుర్చీదాకా పాకి, రెండు చేతులూ దాని మీద వేసి, బలమైన కాలు ముందుకు పెట్టి లేవటం. మొదటిసారి రబ్బరు పరుపు మీద రెండు మోకాళ్ళూ ఆనించేసరికి ఆయన ఒళ్ళంతా వణికింది. అది బలం లేక కాదు, ఆ రాత్రి గుర్తుకు వచ్చి. మేము ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాము. ఆ రోజు ఇంకేమీ చెయ్యలేదు.

గత నెలలో కుర్చీ సాయంతో ఆయన లేచారు. మా చెయ్యి తగలకుండా. ఆ తరువాత ఇప్పటికి ఆరుసార్లు లేచారు, రెండుసార్లు లేవలేకపోయారు. లేవలేనప్పుడు మాకంటె ముందు ఆయనే, "మళ్ళీ" అంటారు. ఆయనకు తన ఇంటికి వెళ్ళిపోవాలని వుంది. అక్కడ వదినగారు నాటిన మామిడిచెట్టు ఈ ఏడు పూసిందని పక్కింటివారు ఫోనులో చెప్పారు. మేము వద్దనటం లేదు. వెళ్ళమని కూడా అనటం లేదు. ఆ ఇంటి వంటింట్లో, పడకగదిలో, స్నానాలగదిలో పట్టుకమ్మీలు బిగించి వచ్చాము. మెడలో వేసుకునే చిన్న ఫోను కొన్నాము. కుర్చీ లేకుండా, ఉత్త గోడ పట్టుకుని లేవటం వచ్చాక వెళతాననేది ఆయన మాకు ఇచ్చిన మాట. ఆ ఇంటి తాళంచెవి పోర్చులో పట్టుకమ్మి పక్కన మేకుకు తగిలించి వుంది. దాన్ని అక్కడ తగిలించింది ఆయనే. పొద్దున్నే కుర్చీలో కూర్చోబోయే ముందు ఒకసారి దానివైపు చూసి, అంకెలు మొదలుపెడతారు.

 పులిహోర వరుసలో నిలబడేముందు, ఎవరికైనా సరదా వుంటే, మీరు కూర్చున్న కుర్చీలోనే చేతులు కట్టుకుని ఒకసారి లేచి చూడండి. మేము గడియారం పట్టుకుని వున్నాము.